బోలెడంటే ఎంత?

మా అమ్మమ్మ లెక్కలో బోలెడంటే చాలా కొంచెం.

చిన్నప్పుడు సెలవులకి రేపల్లె దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళేవాణ్ణి. రాత్రి అన్నాలప్పుడు పొయ్యి మీంచి చిన్న సత్తుగిన్నె దించి మా మధ్యలో పెట్టేది. నా దోసిట్లో ఇమిడిపోయేంత గిన్నె. అందులో వంకాయ కూరో, ఎండుచేపల పులుసో ఉండేది. తినేవాళ్ళం ఐదుగురం. "బోలెడుంది, తినండి, మొహమాటపడబాకండి" అనేది. తెనాలిలో మా ఇంట్లో అంతకు రెండింతల గిన్నెలో కూరున్నా "ఇవాళ కూర తక్కువైంది" అని మా అమ్మ అనడం నాకు తెలుసు. అందుకని ఒకసారి అడిగాను, ఇదేం బోలెడే అమ్మమ్మా అని. ఆమె గిన్నె అంచు మీద వేలు పెట్టి చూపించింది. "ఇదుగో, ఇందాకా ఉందా? ఉంటే బోలెడే. గిన్నె చిన్నదైతే నేనేం జేసేది?"

అప్పుడు అది పెద్దవాళ్ళు సర్దిచెప్పే మాటనుకున్నాను. లేమిని కప్పిపుచ్చుకోవడానికి పెద్ద మాట వాడుతోందని కూడా కొంచెం పెద్దయ్యాక అనుకున్నాను. హైదరాబాదు వచ్చి ఉద్యోగంలో కుదురుకున్న చాలా ఏళ్ళకి, వేరే పని మీద నిఘంటువు తిరగేస్తుంటే ఈ మాట కంటబడింది. బోలె అంటే పాత్ర. బోలె నిండా ఉన్నది బోలెడు. అంతే. చదువురాని మా అమ్మమ్మ చెప్పిన అర్థమే అసలు అర్థం. నేను ఇన్నాళ్ళూ వాడుతున్నది కొసరు.

(ఇంగ్లీషు 'బౌల్' గుర్తొచ్చి ఉంటుంది మీకు. నాకూ వచ్చింది. పలుకుబడి పోలిక చూసి చుట్టరికం కలిపేయడం తొందరపాటు. మనకి ఇక్కడ కావాల్సిన చుట్టాలు వేరే ఉన్నారు.)

ఆ చుట్టాలంతా 'ఎడు'తో ముగిసేవాళ్ళే. గుప్పిట్లో పట్టేది గుప్పెడు, పిడికిట్లో పట్టేది పిడికెడు, అరచేతి గుంటలో పట్టేది చారెడు, రెండు చేతులూ కలిపితే దోసెడు. పొడుగుకొస్తే బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు. పాత్రలకొస్తే గిద్దెడు, సోలెడు, తవ్వెడు, మానెడు, కుంచెడు, కడివెడు, గంపెడు. ఇంకా పెద్దవంటే బండెడు, పుట్టెడు. వీటిల్లో మిగతావన్నీ తమ పాత్రని వెంటబెట్టుకునే తిరుగుతాయి. గంపెడాశ అన్నా గంప కనబడుతుంది, కడివెడు కన్నీళ్ళన్నా కడవ కనబడుతుంది. బోలెడు ఒక్కటే పాత్రని ఇంట్లో వదిలేసి వచ్చింది. బోలెడు పని, బోలెడు ఖర్చు, బోలెడుమంది జనం. మనుషుల్ని గిన్నెలో పోయలేం కదా అని ఇప్పుడెవరికీ అనిపించదు. గిన్నె మర్చిపోయాక ఆ మాటకి అంచు కూడా పోయింది.

ఆ అంచు గురించే ఈ వ్యాసం. తెలుగులో సమృద్ధిని చెప్పే మాటలు వరసగా పెట్టుకుని చూస్తే, వాటిల్లో చాలావాటికి ఎక్కడో ఒక అంచు ఉంది. 'చాలా' అనే మాటే చూడండి. రోజుకి వందసార్లు వాడతాం. అది చాలు అనే క్రియలోంచి వచ్చింది. చాలినంతగా అని అర్థం. తెలుగువాడు 'ఎంతో' అనడానికి 'సరిపడా' అన్న మాటని ఎంచుకున్నాడు. గంగాళంతో వడ్డిస్తుంటే "చాలు చాలు" అని చెయ్యి అడ్డం పెడతామే, ఆ చెయ్యే 'చాలా'లో కూడా ఉంది.

సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'పుష్కలం' కూడా ఇంతే. పండితుల మాటలా గంభీరంగా ఉంటుంది కానీ అది నిజానికి కొలత. ఎనిమిది పిడికిళ్ళయితే కుంచి, ఎనిమిది కుంచులైతే పుష్కలం. అంటే అరవై నాలుగు పిడికిళ్ళ గింజలు. కుంచి అనగానే మన కుంచం గుర్తొస్తుంది. అదే పుష్కలానికి ఇంకో అర్థం మరీ చిన్నది: నాలుగు ముద్దల భిక్ష. ఒక ముద్ద వేస్తే భిక్ష, నాలుగు వేస్తే పుష్కలం. ఇవాళ పత్రికల్లో 'జలాశయాల్లో పుష్కలంగా నీరు' అని చదివినప్పుడు, ఆ మాట ఒకప్పుడు వాకిట్లో నిలబడ్డ మనిషి చేతిలో నాలుగు ముద్దలని గుర్తు పెట్టుకోవడం కష్టం. ఇబ్బడిముబ్బడి సంగతీ చూడండి. ఇబ్బడంటే రెండింతలు, ముబ్బడంటే మూడింతలు. లెక్క మూడు దగ్గర ఆగింది. నాలుగో ఇంత కావాలని భాష అడగలేదు.

ఇంకో మాట 'మేర'. మేరంటే హద్దు అని అందరికీ తెలుసు. పంట వచ్చినప్పుడు చాకలికీ మంగలికీ కమ్మరికీ వడ్రంగికీ కొలిచిపెట్టే ధాన్యం వాటాని కూడా మేర అనే అనేవాళ్ళు. హద్దుకీ వాటాకీ ఒకటే మాట. నీకు రావలసింది ఇంత, ఇంతకు మించి లేదు. ఇందులో హక్కూ ఉంది, కట్టడీ ఉంది.

*

తెనాలి జంక్షన్ నుంచి రెండు దారులు చీలతాయి. మెయిన్ లైను చుండూరు మీదుగా బాపట్ల వైపు పోతుంది. బ్రాంచి లైను వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె పోయి ఆగిపోతుంది. మా అమ్మమ్మ ఊరికి మేము ఎక్కేది ఆ రెండో బండి. ఈ రెండు దారుల్లోనూ కొలతల చరిత్ర చాలా పాతది.

భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు రాతి భరిణెలు దొరికాయి. లోపల ధాతువు పెట్టిన భరిణెలు. వాటి మీదే అక్షరాలు చెక్కి ఉన్నాయి. క్రీస్తు పూర్వపు రాతలవి. కుబిరకుడనే రాజు పేరు అందులో వస్తుంది. కుబేరుడి పేరు పెట్టుకున్న రాజు కాలంలో, రాసి పెట్టుకోదగ్గదని అక్కడి జనం అనుకున్నది ఒక పాత్ర, అందులో చిటికెడు ధాతువు. ఈ నేలలో బయటపడ్డ బాగా పాత అక్షరాలు పాత్రల మీదే ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. నాకు మాత్రం ఆ బండెక్కినప్పుడల్లా గుర్తొస్తుంది.

బాపట్ల వైపు పోతే భావనారాయణస్వామి గుడి. ఊరికి పేరొచ్చింది ఆ దేవుడి వల్లే. చందవోలు నుంచి ఈ ప్రాంతాన్ని ఏలిన వెలనాటి చోళుల కాలపు శాసనాలు ఆ గుడిలో ఉన్నాయి. ఆ కాలం దీపదాన శాసనాల ధోరణి ఒకటుంది. ఒకాయన దేవుడికి అఖండదీపం పెట్టిస్తాడు. సూర్యచంద్రులున్నంత కాలం వెలగాలంటాడు. అందుకు కొన్ని గొర్రెల్నో ఆవుల్నో గొల్లవాళ్ళకి అప్పజెబుతాడు. వాళ్ళు రోజూ మానెడు నెయ్యి తెచ్చి పోయాలి. సూర్యచంద్రులున్నంత కాలమనేది దాత మాట. మానెడనేది పోసేవాడి మాట. అఖండం ఎంత పెద్దదైనా, రోజుకి ఒక మానిక చొప్పున ఎవరో ఒకరు మోసుకొచ్చి పోస్తేనే అది అఖండం. ఆ మానిక మోసినవాళ్ళు చాలాసార్లు శాసనంలో చివర్లో వస్తారు. అసలు వచ్చారంటే, కొలత ఉంది కనకే.

ఆ కొలతలు మా తరానికి తెలీవు కాబట్టి ఒకసారి చెప్పుకుందాం. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. నాలుగు మానికలు కుంచం. ఆ పైన తూము, ఇరవై తూములైతే పుట్టి. ఐదు తూముల్ని ఏదుమనీ, పదింటిని పందుమనీ అనేవాళ్ళు. పొలాన్ని కూడా దీంతోనే చెప్పేవాళ్ళు. పుట్టెడు గింజలు చల్లడానికి పట్టే నేల పుట్టెడు నేల. నేల ఎంత అన్న ప్రశ్నకి గింజలతో జవాబు. అదే పుట్టి మన దుఃఖానికి కూడా కొలత. పుట్టెడు దుఃఖం, పుట్టెడు శోకం అంటాం. ధాన్యాన్ని కొలిచే పెద్ద కొలతని తెచ్చి దుఃఖానికి పెట్టారు.

*

కొలతంటే నిజాయితీ అని అనుకుంటే పొరపాటు. కొలిచే చెయ్యి ఎవరిదన్నది అసలు సంగతి.

కల్లం అంటే ఏమిటో మా అమ్మమ్మ ద్వారానే నాకు తెలుసు. ఆమె జీవితమంతా ఊళ్ళోవాళ్ళ పొలాల్లో నాట్లు, కలుపులు, కోతలు. కోసిన వరి పనల్ని కట్టలు కట్టి కుప్పేస్తారు. కొన్నాళ్ళాగి కుప్ప నూరుస్తారు. ఎడ్లతో తొక్కించి, గడ్డి దులిపి, గాలికి తూర్పారబట్టి, మధ్యలో ధాన్యం రాశి పోస్తారు. అప్పుడు కొలత మొదలవుతుంది. మొదటి కుంచాన్ని ఒకటి అనరు. 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు. ఒకటి అనేది ఒంటరి మాట, అందుకని శుభంగా మొదలుపెడతారని చెబుతారు. ఆ లాభం ఎవరిదో రాశి చుట్టూ నిలబడ్డవాళ్ళందరికీ తెలుసు.

కుంచం ఊరికొక రకంగా ఉండేది. ఒకే ఊళ్ళో ఒకే కుంచంతో కూడా రెండు రకాలుగా కొలవచ్చు. అంచుకి సమంగా చేత్తో గీసి కొలవచ్చు, గోపురంలా పోసి కొలవచ్చు. గీసి కొలిచినదానికీ పోసి కొలిచినదానికీ మధ్య తేడా చూడ్డానికి నాలుగు గింజలే. వంద కుంచాల మీద అది ఒక ఇంటి తిండి. కోతకూలీ నూర్పిడి కూలీ ధాన్యంలోనే ముట్టే రోజుల్లో, వానాకాలం గింజల్లేక నాగుకి తెచ్చుకున్న ధాన్యాన్ని ఒకటికి ఒకటిన్నరగా కల్లంలోనే తిరిగిచ్చే రోజుల్లో, ఆ గోపురం ఏ వైపు లేచిందీ ఏ వైపు గీశారూ అన్నదాంట్లోనే అంతా ఉంది. "మనకి కొలిచేప్పుడు చెయ్యి పైన పెట్టేవోళ్ళురా. మనం కొలిచేప్పుడు చెయ్యి తీసేసేవోళ్ళు" అని అమ్మమ్మ చెప్పేది. కోపంగా కాదు, వాన ఎటు నుంచి వస్తుందో చెప్పినట్టు చెప్పేది.

రాశి ఎత్తేశాక మిగిలేది పరిగె. కోత కోసిన చేలో రాలిన వెన్నులు ఏరుకోవడం. ఆడవాళ్ళూ పిల్లలూ ఒడి నిండా ఏరుకొచ్చేవాళ్ళు. ఒడి నిండితే అది ఒడెడు. అమ్మమ్మ సత్తుగిన్నె దగ్గర అంచు మీద వేలు పెట్టి చూపించడం నాకు ఇప్పుడు అర్థమైంది. ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ చేతుల్లో అంచు ఎలా తగ్గుతుందో చూసిన మనిషి, తన ఇంట్లో తన గిన్నెలో మాత్రం అంచుదాకా పోసుకునేది. గిన్నె చిన్నదే కావచ్చు. అందులో గీసి కొలిచే చెయ్యి లేదు.

*

ఇదంతా పంట పండిన ఏడాది సంగతి. పండని ఏడాది ఒకటి ఈ ప్రాంతాన్ని ఊడ్చిపెట్టింది. నందన నామ సంవత్సరం. 1832-33. గుంటూరు సీమలో వానల్లేవు, గింజల్లేవు. ఐదు లక్షల జనాభాలో లక్షన్నరకి తక్కువ కాకుండా చచ్చిపోయారని లెక్కలు చెబుతాయి. జనం దాన్ని నందన కరువన్నారు, డొక్కల కరువన్నారు. సోలా మానికా ఏవీ అక్కర్లేని కరువు కాబట్టి, మనిషి డొక్కలే కొలతయ్యాయి.

అప్పుడు ఈ వైపు కంపెనీ కొలువులో ఉన్న ఒక అధికారి పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. మనకి నిఘంటువు ఇచ్చిన బ్రౌనే. పై అధికారులకి నచ్చే మాట 'కొరత'. ధాన్యానికి కొరతగా ఉంది, ధరలు పెరిగాయి, ఇలా రాస్తే కాగితం మీద బాగుంటుంది. బ్రౌన్ మాత్రం 'కరువు' అని రాశాడట. ఈ మాట దగ్గర మొదలైన పేచీతో అతని ఉద్యోగానికే ముప్పొచ్చిందని, 1834లో కొలువు పోయి లండన్ దారి పట్టాడని అతని జీవితం రాసినవాళ్ళు చెబుతారు.

ఈ సంగతి చదివినప్పుడు నేను చాలాసేపు ఆగిపోయాను. కొరత, కరువు. రెండిటికీ తేడా ఏమిటి? కొరతలో పాత్ర ఉంది. ఉండాల్సినంత లేదు, అంచుకి కాస్త కింద ఉంది, మళ్ళీ నింపవచ్చు. కరువులో పాత్రే లేదు. కొరత అని రాస్తే ఎవరి బాధ్యతా అంతగా ఉండదు. కరువని రాస్తే శిస్తు సంగతి మాట్లాడాలి, గంజి కేంద్రాల సంగతి మాట్లాడాలి, ఎంతమంది పోయారో లెక్క చెప్పాలి. ఒక్క మాట మారితే ప్రభుత్వం ఖర్చు మారుతుంది. అందుకే ఆ మాట కోసం పేచీ.

బ్రౌన్‌ని వీరుణ్ణి చెయ్యనక్కర్లేదు. అతనూ కంపెనీ మనిషే, శిస్తు వసూలు చేసిన చెయ్యే. అయినా ఒక మాటకి ఉన్న అసలు అర్థం దగ్గర నిలబడ్డాడు. కొన్నేళ్ళకి మళ్ళీ మద్రాసు వచ్చాడు. అతని తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. గుప్పెళ్ళూ చారెళ్ళూ కుంచాలూ పుట్లూ అన్నీ అందులోకి చేరాయి.

సరిగ్గా అదే 1852లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైంది. 1855కి పూర్తయింది. ఆర్థర్ కాటన్ పట్టుబట్టి ఒప్పించిన పని, కెప్టెన్ ఆర్ దగ్గరుండి కట్టించిన పని. నందన కరువులో పోయిన ప్రాణాలు ఆ వాదనకి బలం. పోయిన శిస్తు ఇంకా పెద్ద బలం. ఆనకట్టకి పడమటి వైపు కాలవలు తెనాలి మీదుగా, నిజాంపట్నం వైపుగా, రేపల్లె వైపుగా దిగాయి. కొమ్మమూరు కాలవ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవని కలిసింది. దాంతో డెల్టా ధాన్యం పడవల మీద మద్రాసు దాకా పోయే దారి దొరికింది. వాన కోసం ఆకాశం చూసిన నేల, లాకులెత్తే రోజు కోసం ఎదురుచూసే నేల అయింది. తెనాలి నిండా రైసు మిల్లులు లేచాయి. ఊరి మధ్య నుంచే కాలవలు పారాయి. నాటకాలు, పత్రికలు, ప్రెస్సులు, మేడలు వచ్చాయి. మా ఊరివాళ్ళు ఇప్పటికీ ఆంధ్రా ప్యారిస్ అని గొప్పగా చెప్పుకుంటాం. ఆ గొప్పలన్నీ వరిగింజ మీద మొలిచినవే.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. 'కొల్లలు'. కాలవలొచ్చాక పంటలు కొల్లలుగా పండాయి అని రాస్తాం. కోకొల్లలు అంటాం. ఆ కొల్ల, కొల్లగొట్టడంలో ఉన్న కొల్ల ఒకటే. దోపిడి. నిఘంటువుల్లో రెండర్థాలూ పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. నేను ఇప్పటిదాకా చెప్పిన మాటలన్నిటికీ ఇది ఎదురు నిలబడుతుంది. చాలా అంటే చాలినంత, బోలెడంటే గిన్నెడు, మేరంటే హద్దు. కొల్లకి మాత్రం అంచు లేదు. ఎవరి చేతికి చిక్కింది వాడిది. సమృద్ధి గురించి మన భాషకి రెండు జ్ఞాపకాలున్నాయి. ఒకటి నిండిన పాత్ర, రెండోది దోచుకున్న సొమ్ము. పంట బాగా పండిందని చెప్పడానికి ఏ మాట వాడుకోవాలో, మాట్లాడేవాడు ఎటు నిలబడ్డాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

*

1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. అరవైల మొదట్లో కిలోలు తప్పనిసరయ్యాయి. ఊరికొక కుంచం పోవడం మంచిదే. చెయ్యి పైన పెట్టే కొలతకి అదొక దెబ్బ. కాటా ముల్లు గోపురంలా లేవదు. (కాటాలో ఏం చేస్తారన్నది వేరే వ్యాసం.) కుంచం పోయి బస్తా వచ్చింది. డెల్టాలో ధాన్యం బస్తా అంటే డెబ్బై ఐదు కిలోలు. ఎకరాకి ఎన్ని బస్తాలన్నదే అన్ని సంభాషణలకీ మొదలు. కౌలు కూడా బస్తాల్లోనే. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల పెట్టారు. అక్కడి పరిశోధనా కేంద్రం నుంచి 1986లో వచ్చిన వరి రకం బీపీటీ 5204. సాంబా మసూరి. ఇవాళ హైదరాబాదులో మీరు తినే సన్నబియ్యంలో దాని వాటా ఎంతో. బీపీటీ అన్న మూడక్షరాల్లో బాపట్ల ఉందని తినేవాళ్ళకి చాలామందికి తెలీదు. ఊరి పేరే ధాన్యం పేరైంది. పుష్కలానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ పుష్కలం మధ్యలోనే రెండు తేదీలున్నాయి. వాటిని వదిలేసి ఈ ప్రాంతంలో సమృద్ధి గురించి రాయడం నాకు చేతకాలేదు.

ఒకటి 1977 నవంబరు 19. ఉప్పెన. దివిసీమలో మొదలుపెట్టి రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల తీరం దాకా. వరి కోతకొచ్చిన రోజులు. ప్రభుత్వ లెక్కే పదివేలు. కుప్పలు తెప్పలు అంటాం కదా. కుప్ప పొలంలో ఉండేది, తెప్ప నీళ్ళలో తేలేది. ఆ మాటని మామూలుగా వాడుతుంటే మా అమ్మమ్మ మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయేది. ఎందుకో చాలా రోజులు తెలియలేదు. ఆ వారం ఆమె చూసినవి కుప్పలూ తెప్పలే, వరివి మాత్రం కావు. ఆమె నోట పుట్టెడు అన్న మాట నేను విన్నది ఉప్పెన గురించి చెప్పినప్పుడే.

రెండోది 1991 ఆగస్టు 6. తెనాలి నుంచి బాపట్ల పోయే దార్లో చుండూరు. ఎనిమిది మంది దళితుల్ని చంపారు. శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఇరవై ఒక్కమందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. ధాన్యం నింపే గోనె సంచి, ధాన్యం పండించే కాలవ. 1855 తర్వాత ఈ నేలకి దొరికిన సమృద్ధికి ఇవి రెండే గుర్తులు. ఆ రెండిటినీ దేనికి వాడారో తెలిశాక, బస్తాల లెక్క వింటుంటే నాకు ఇంకో లెక్క వినబడుతుంది. పంట ఎంత పండిందన్నది ఒక ప్రశ్న. పండించిన చేతికి మేర ఎంత అన్నది ఇంకో ప్రశ్న. కుంచం పోయి కిలో వచ్చినా రెండో ప్రశ్న పోలేదు. కూలి పెంచమన్నా, సినిమా హాల్లో పక్కన కూర్చున్నా, చెరువు దగ్గర నీళ్ళు పట్టుకున్నా, 'నీ మేరలో నువ్వుండు' అనే గొంతు మనకి బాగా తెలిసినదే. వాటా ఇవ్వడానికి పుట్టిన మాట, హద్దు చూపించడానికి మాత్రమే మిగిలిపోయింది.

*

నా ఆఫీసులో బోలెడు అనే మాట ఇప్పుడు పెద్దగా వినబడదు. "ఫుల్ పనుంది", "ఫుల్లు ట్రాఫిక్", "ఫుల్ జనం" అంటాం. తెలుగు చచ్చిపోతోందని బాధపడేవాళ్ళు దీన్ని కూడా లెక్కలో వేసుకుంటారు. నాకు అంత బాధనిపించలేదు. ఫుల్లంటే నిండినది. బోలెడంటే నిండినది. కొత్త తరం తెలియకుండానే పాత మాటకి అర్థం వెతికి పట్టుకుంది. పాత్ర ఏదో చెప్పలేదు, అంతే.

నాకు ఇబ్బంది పెట్టేది ఇంకో మాట. అన్‌లిమిటెడ్. అన్‌లిమిటెడ్ మీల్స్, అన్‌లిమిటెడ్ డేటా, అన్‌లిమిటెడ్ బఫే. తెలుగులో దానికి సాటి మాట వెతికాను. అనంతం ఉంది, అది దేవుడికి. అపారం ఉంది, అది సముద్రానికి. అన్నానికి అటువంటి మాట మన వాడుకలో కనబడలేదు. అన్నం దగ్గర మనవాళ్ళు ఎప్పుడూ చాలు అనే అన్నారు. డేటా ప్యాకులో కూడా చిన్న అక్షరాల్లో రోజుకి ఇన్ని జీబీలు అని రాసి ఉంటుందనుకోండి. అంచు ఎక్కడో ఉంటుంది. తేడా ఏమిటంటే, మా అమ్మమ్మ వేలు పెట్టి చూపించింది, వీళ్ళు కింద దాచారు.

అమ్మమ్మ పోయాక ఆ ఇంట్లో సామాను పంచుకున్నారు. పెద్దగా ఏం లేదు. ఎవరికీ అక్కర్లేక మిగిలినవాటిల్లోంచి ఆ సత్తుగిన్నె నేను తెచ్చుకున్నాను. అంచు ఒకచోట సొట్టపోయింది. నిఘంటువులో చూసిన బోలె ఆకారం ఇది కాకపోవచ్చు. ఇప్పుడు ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఆదివారం అందులో కూర వండి మధ్యలో పెట్టుకుంటాం. "ఇంతేనా?" అని నా భార్య అడుగుతుంది. సొట్టపోయిన చోట కాక, బాగున్న వైపు అంచు మీద వేలు పెట్టి చూపిస్తాను.